మా ఇంటికి రాని అత్త (వాడ ముచ్చట్లు – 23)



పోయిన వారం హాస్టల్ మెస్ గురించి రాసినదానికి రెండో భాగం ఇవాళ పెడతానన్నాను. పెట్టలేకపోతున్నా. నాలుగు రోజులుగా బుర్రలో ఒక అమెరికా కామెడీ సీరియల్ తిరుగుతోంది. లోకంలో ఇన్ని జరుగుతుంటే టీవీ మీద పడ్డావేంటక్కా అని మీలో కొందరు తిడతారు. తిట్టండి గానీ చివరిదాకా చదివి తిట్టండి.

సీరియల్ పేరు 'ఎవ్రీబడీ లవ్స్ రేమండ్'. 1996 నుంచి 2005 దాకా సీబీఎస్‌లో వచ్చింది. 9 సీజన్లు, 210 ఎపిసోడ్లు. నేను 2008లో చూశాను, హాస్టల్లో, రూమ్మేట్ హార్డ్ డిస్క్‌లో. తెలుగు మీడియంలో చదివి పీజీకి వచ్చినదాన్ని. క్లాసులో ఇంగ్లిష్ లెక్చర్ అర్థమయ్యేది కాదు గానీ ఈ అత్తాకోడళ్ళ పోట్లాట మాత్రం రెండో ఎపిసోడ్‌కే అర్థమైపోయింది. అత్త పోరుకి సబ్‌టైటిల్స్ ఎందుకు?

కథేం లేదు. న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలాండ్‌లో లిన్‌బ్రూక్ అనే ఊరు. రేమండ్ పేపర్లో ఆటల గురించి రాస్తాడు. భార్య డెబ్రా, ముగ్గురు పిల్లలు. రోడ్డుకి అవతలి ఇల్లు వాళ్ళ అమ్మానాన్నలది. అసలు గొడవంతా ఆ రోడ్డు వెడల్పు చాలకపోవడమే. అత్త మేరీ ఎప్పుడు పడితే అప్పుడు, తలుపు కొట్టకుండా, కోడలి వంటింట్లోకి వచ్చేస్తుంది. మూత తీసి చూస్తుంది. రుచి చూస్తుంది. మొహం అదోలా పెడుతుంది. ఆ కూర పక్కకి నెట్టి, తను వండింది కొడుక్కి పెడుతుంది. మామ ఫ్రాంక్ వచ్చి ఫ్రిజ్ తెరుస్తాడు. అన్న రాబర్ట్ పోలీసు. ఆరున్నర అడుగుల మనిషి, నలభై ఏళ్ళొచ్చినా తమ్ముడి మీద కుళ్ళుకుంటూనే ఉంటాడు. అమ్మకి వాడంటేనే ఇష్టం అని. సీరియల్ పేరు కూడా ఆ ఏడుపులోంచి వచ్చిందే.

ఒక ఎపిసోడ్‌లో డెబ్రా అహం చంపుకుని అత్తని అడుగుతుంది, ఆ మీట్‌బాల్స్ ఎలా చేస్తావో నాకూ నేర్పు అని. అత్త నేర్పుతుంది. కానీ మసాలా సీసా మీద చీటీ మార్చేసి నేర్పుతుంది! కోడలు ఎంత ప్రయత్నించినా ఆ రుచి రాదు. ఆ రాత్రి హాస్టల్లో మేం ఆరుగురం పొట్ట పట్టుకుని నవ్వాం. ఒకమ్మాయి "మా అమ్మ మా వదినకి గోంగూర పచ్చడి ఇలాగే నేర్పింది" అంది.

ఇంకో ఎపిసోడ్ ఇప్పటికీ నాకు పెళ్ళి మీద రాసిన పుస్తకాలన్నిటికంటే ఎక్కువ. మొగుడూ పెళ్ళాం ఊరెళ్ళొచ్చి సూట్‌కేసు మెట్ల మీద వదిలేస్తారు. నువ్వు తీయ్ అంటే నువ్వు తీయ్. ఎవరూ తీయరు. మూడు వారాలు అది అక్కడే ఉంటుంది. నవ్వుతాం గానీ ఆ సూట్‌కేసు లేని కొంప ఎక్కడుంది? మా ఇంట్లో అది గ్యాస్ బుకింగ్.

సరే. నా సంగతికొస్తా.

2012లో మాది రిజిస్టర్ పెళ్ళి. నా సహచరుడి (పోస్టుల్లో సహచరుడు, ఇంట్లో 'ఇదుగో') కులం రెండు రాష్ట్రాలకీ ముఖ్యమంత్రుల్ని ఇచ్చిన కులాల్లో ఒకటి. అంతకంటే చెప్పను. నాది గుంటూరు జిల్లాలో ఒక మాలపల్లె. మా అత్తగారిల్లు హైదరాబాద్‌లోనే, మా ఇంటికి ఆరు కిలోమీటర్లు. ఈ పధ్నాలుగేళ్ళలో ఆవిడ మా గడప తొక్కలేదు.

చెడ్డమనిషి అనుకునేరు. ఏటా మే నెలలో ఆవకాయ తెస్తుంది. కారు మా అపార్ట్‌మెంట్ కింద ఆగుతుంది. కొడుక్కి ఫోన్ చేస్తుంది. కిందకి రారా, నాకు మోకాళ్ళ నొప్పులు, మెట్లెక్కలేను. మాకు లిఫ్టుంది. ఒక ఏడాది ఆ మోకాళ్ళతోనే అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కి తిరుమల వెళ్ళొచ్చి, ఆ ప్రసాదం కూడా కిందే ఇచ్చి వెళ్ళింది.

మొదటి ఏడాది ఆవకాయ స్టీలు డబ్బాలో వచ్చింది. ఖాళీ గిన్నె తిరిగి పంపకూడదని మా అమ్మ చెప్పిన బుద్ధి. సంక్రాంతికి అమ్మా నేనూ కూర్చుని అరిసెలు వండి ఆ డబ్బా నింపి పంపాను. ఆ అరిసెలు పనమ్మాయికి పెట్టేశారని మూడేళ్ళ తర్వాత మా తోడికోడలు చెప్పింది. డబ్బా కూడా పనమ్మాయికే ఇచ్చేశారట. (ఆ పనమ్మాయి మాదిగల అమ్మాయి. అరిసెలు చేరాల్సిన చోటికే చేరాయిలే అని మా అమ్మ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.) మరుసటి ఏడాది నుంచి ఆవకాయ ఐస్‌క్రీమ్ ప్లాస్టిక్ డబ్బాల్లో వస్తోంది. కొడుక్కి చెప్పి పంపుతుంది, డబ్బా తిరిగి ఇవ్వక్కర్లేదురా, పారేయండి అని.

అదీ విషయం. స్టీలు నుంచి ప్లాస్టిక్‌కి మారడంలో ఎంత ఆలోచన ఉందో చూడండి. గొడవ లేదు, మాట లేదు, కేసు పెట్టడానికి సెక్షన్ లేదు.

మా తోడికోడలిది వాళ్ళ కులమే. పెద్ద కట్నంతో, పెద్ద ఫంక్షన్ హాల్లో పెళ్ళి. అత్తగారితో ఒకే ఇంట్లో ఉంటుంది. నాకు రోజూ ఫోన్ చేసి ఏడుస్తుంది. పప్పులో పోపు మాడిందంట, ఫ్రిజ్ సర్దడం రాదంట, పిల్లాడికి జలుబు చేస్తే నీ పెంపకం అంట. పాపం, నిజంగానే నరకం. అంతా చెప్పి ప్రతిసారీ చివర్లో ఒక మాట అంటుంది: "నీకేం అక్కా, అదృష్టవంతురాలివి. నీకు అత్త పోరు లేదు."

ఏం చెప్పాలి?

అప్పుడే నాకు రేమండ్ సీరియల్ మళ్ళీ గుర్తొచ్చి, పాప పడుకున్నాక రాత్రిళ్ళు ఒక్కదాన్నే చూడటం మొదలుపెట్టాను. ఈసారి డెబ్రా మీద జాలి కలగలేదు. కుళ్ళు కలిగింది. మేరీ గరిటెతో కూర తీసి నోట్లో పెట్టుకుని "ఉప్పు చాలలేదు" అన్నట్టు మొహం పెడితే, నా కళ్ళు ఆ మొహం మీద లేవు. గరిటె మీద ఉన్నాయి. కూర నోట్లోకి వెళ్ళింది కదా! తిన్నాకే కదా వంక పెట్టింది! నా వంటకి వంక పెట్టే హక్కు కూడా ఆవిడ వాడుకోవడం లేదు.

ఒకసారి స్త్రీల మీటింగ్‌లో ఈ అత్తల గురించి చర్చ వచ్చింది. మంచి మిత్రులే, మంచి మాటలే. కోడలికి తనదైన చోటుండాలి, హద్దులు గీసుకోవడం నేర్చుకోవాలి అన్నారు. నేను కూర్చుని వింటున్నా. హద్దులు గీయడం మాకు నేర్పక్కర్లేదమ్మా, మేం పుట్టేసరికే గీసి ఉన్నాయి. ఊరికీ వాడకీ మధ్య ఉన్న రోడ్డు లిన్‌బ్రూక్ రోడ్డు కంటే వెడల్పేం కాదు. అలాగని మేరీని మెచ్చుకోమని కాదు. ఇంట్లో కోడల్ని నలిపే అత్త ఉంది, గడప దాటి రాని అత్త ఉంది. రెండోదాని గురించి మన స్త్రీవాదంలో పేజీలు తక్కువ, అంతే నేననేది.

మొదటి ఎపిసోడ్ 1996 సెప్టెంబర్‌లో వచ్చింది. అందులో రేమండ్ తల్లిదండ్రులకి నెలకో పండ్ల పెట్టె వచ్చేలా డబ్బు కడతాడు. పెట్టె రాగానే మేరీ గోలగోల చేస్తుంది. ఇన్ని పండ్లు ఏం చేసుకోను, ప్రతి నెలా వస్తే ఎలా అని. జనం పగలబడి నవ్వుతారు. నాకు మా అరిసెలు గుర్తొచ్చాయి. మేరీ గొడవ కొడుకుతోనే పడింది, మొహం మీదే పడింది. అది ఎంత గౌరవమో ఆ కొడుక్కి తెలియదు.

ఏడో సీజన్‌లో రాబర్ట్ తను పెళ్ళాడబోయే ఆమీ తండ్రి దగ్గరికి వెళ్ళి అనుమతి అడుగుతాడు. ఆయన ఇవ్వనంటాడు. బాగా భక్తి ఉన్న కుటుంబం, వీళ్ళ వాలకం వాళ్ళకి నచ్చదు. అయినా పెళ్ళి జరుగుతుంది, ఆ తల్లీతండ్రీ వస్తారు. తర్వాత రెండు కుటుంబాలూ ఒకే బల్ల దగ్గర కూర్చుని ఒకళ్ళనొకళ్ళు పొడుచుకుంటూ తింటారు. తండ్రి 'నో' అన్నాక ఏమీ కాకపోవడం చూస్తే నాకు అది కామెడీలా అనిపించదు, సైన్స్ ఫిక్షన్‌లా ఉంటుంది.

2018 సెప్టెంబర్ 14న మిర్యాలగూడలో ఆసుపత్రి బయట, కడుపుతో ఉన్న భార్య కళ్ళముందే ప్రణయ్‌ని నరికారు. అప్పుడు నాకు ఐదో నెల. టీవీలో ఆ సీసీ కెమెరా దృశ్యం మళ్ళీ మళ్ళీ వేస్తున్నారు. రాత్రి పదకొండింటికి మా అత్తగారి నుంచి కొడుక్కి ఫోన్. స్పీకర్‌లో లేదు, అయినా నాకు వినపడింది. "మేం అలాంటోళ్ళం కాదురా." నిజమే. వాళ్ళు అలాంటోళ్ళు కాదు. పైకి రారు, అంతే.

అమెరికాని ఆకాశానికెత్తడం లేదు. లిన్‌బ్రూక్ ఉన్న నాసావ్ కౌంటీలోనే లెవిట్‌టౌన్ ఉంది. 1947 నుంచి వేల ఇళ్ళు కట్టి, తెల్లవాళ్ళు తప్ప ఎవరూ ఉండకూడదని కాగితం మీదే రాసుకున్నారు. ఇంటి పనివాళ్ళకి మాత్రం మినహాయింపు. చూశారా, ఆ మినహాయింపు ఎక్కడైనా ఒకటే! బరోన్‌లు ఇటాలియన్లు. 1891లో న్యూ ఆర్లీన్స్‌లో ఒక గుంపు 11 మంది ఇటాలియన్లని చంపింది. అలాంటివాళ్ళు వందేళ్ళలో తెల్లవాళ్ళ బల్ల దగ్గరికి చేరారు. ఆ వీధిలో నల్లవాళ్ళ ఇల్లు మాత్రం నాకు ఎక్కడా కనపడలేదు. కనపడేది రాబర్ట్‌తో పనిచేసే జూడీ, అదీ ఉద్యోగం వరకే.

ఈ సీరియల్‌ని రష్యాలో తీశారు. మూలం రాసిన ఫిల్ రోసెంతాల్ మాస్కో వెళ్ళి పడ్డ తిప్పల మీద ఒక డాక్యుమెంటరీ కూడా ఉంది. 2015లో స్టార్ ప్లస్ 'సుమిత్ సంభాల్ లేగా' అని హిందీలో తీసింది, పంజాబీ కుటుంబం. నేను చూసినన్ని ఎపిసోడ్లలో కులం మాట వినపడలేదు. న్యూయార్క్ నుంచి మాస్కోకి, అక్కణ్ణుంచి ఢిల్లీకీ వచ్చిన అత్త ఆరు కిలోమీటర్లు దాటి మా ఇంటికి మాత్రం రాలేదు.

రాబర్ట్ గురించి కూడా ఒక మాట. మా అన్న పదో తరగతితో ఆపేశాడు. ఇద్దర్ని చదివించే స్తోమత లేదు, నాకు మార్కులు ఎక్కువ. తాపీ పనికి వెళ్ళి నా హాస్టల్ ఖర్చులకి పంపాడు. ఇప్పుడు ఊళ్ళో ఎవరొచ్చినా నా గురించే అడుగుతారు. నా ఫోటోలే గోడ మీద. ఒకసారి తాగి అన్నాడు, "అందరికీ నువ్వే కావాలి గదమ్మా." అచ్చం రాబర్టే. రాబర్ట్‌ని చూసి నవ్విన పాపం నాకు అక్కడ తగిలింది. మన వాడల్లో అన్నాచెల్లెళ్ళ పోటీ అంటే అమ్మ ముద్దు కోసం కాదు, ఒకే ఒక ఫీజు కోసం. దీని మీద విడిగా రాస్తాను. అన్నని అడిగి రాస్తాను.

ఇక ఈ నాలుగు రోజుల సంగతి.

పాపకి ఏడేళ్ళు. నెలకోసారి నాన్నతో నానమ్మ ఇంటికి వెళ్తుంది. "మా రక్తం" అంటుందట ఆవిడ. పోయిన ఆదివారం ఊరి నుంచి అన్న కొరమీను పంపాడు. పులుసు పెట్టాను. పాప నన్నడక్కుండా చిన్న స్టీలు డబ్బాలో పోయించుకుని నాన్న బండెక్కింది. తెలిసుంటే ఆపేదాన్ని.

రాత్రి వచ్చి చెప్పులు విప్పుతూ అంది: "అమ్మా, నానమ్మ పులుసులో ఉప్పెక్కువైందంది."

నేను అంట్లు తోముతున్నా. చెయ్యి ఆగిపోయింది. ఎవరన్నారు, నానమ్మేనా, పిన్నా? నానమ్మే. తిని అందా, చూసి అందా? ఏమో అమ్మా, నేను టీవీ చూస్తున్నా. అన్నంలో కలుపుకుందా? ఏమో అమ్మా! మూడోసారి అడిగేసరికి విసుక్కుని వెళ్ళిపోయింది. ఆయన్ని అడిగితే, నేను బాల్కనీలో ఫోన్‌లో ఉన్నాను, చూడలేదన్నాడు. నిజంగా చూడలేదో, చూడదలుచుకోలేదో.

అంబేడ్కర్ 1936లోనే చెప్పాడు, కలిసి తిన్నంత మాత్రాన కులం పోదని. అది నేను ఎన్ని స్టడీ సర్కిళ్ళలో చెప్పానో మీకే తెలుసు. చెప్పిన నోటితోనే మిగిలిన పులుసు వేడి చేసి, అర్ధరాత్రి వంటింట్లో నిలబడి రెండు చెంచాలు తిని చూశాను.

ఉప్పు నిజంగానే ఎక్కువైంది.

డబ్బా ఇంకా రాలేదు.