లాగే బలం, ఆపే బలం

రాయపూరు దాటి పడమరగా దుర్గు వైపు సాగే రైలు కొద్దిసేపటికే భిలాయ్ మార్షలింగ్ యార్డును సమీపిస్తుంది. కనుచూపు మేర పట్టాలు, వాటి మీద వరుసలు తీరిన వ్యాగన్లు. కొన్నింటిలో బొగ్గు, కొన్నింటిలో ఎర్రని ఇనుప ఖనిజం, మరి కొన్నింటి మీద ఉక్కు దిమ్మెలు. ఆవలగా పొగగొట్టాలు, వాటి వెనుక చెట్ల నీడలో సెక్టార్లుగా విభజించిన ఊరు. బరువులను ఒకచోటి నుండి మరొకచోటికి లాగుకొని రావడమే ఈ ఊరి జీవనాధారం.

1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం ఫలితంగా ఇక్కడ ఉక్కు కర్మాగారం వెలిసింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. నాడు మధ్యప్రదేశ్‌లో ఉన్న ఈ ప్రాంతం 2000లో ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలో భాగమైనది. పని వెదుక్కుంటూ దేశం నలుమూలల నుండి జనం తరలివచ్చారు. విజయనగరం–రాయపూరు రైలుమార్గం మీదుగా ఉత్తరాంధ్ర కుటుంబాలు ఎన్నో ఇక్కడికి చేరి స్థిరపడ్డాయి. సెక్టారు 5లోని బాలాజీ ఆలయ ప్రాంగణంలో తెలుగు మాట నేటికీ వినిపిస్తుంది.

కర్మాగారానికి తొలినాళ్ల నుండి ఖనిజాన్ని అందించినవి దక్షిణాన ఉన్న దల్లీ–రాజహరా కొండలు. ఖనిజం నింపిన ఒక్కొక్క వ్యాగను తూకం 80 టన్నులు దాటుతుంది. అటువంటివి యాభైకి పైగా ఒకే బండికి తగిలిస్తారు. చూసేవారికి ఇంజను బలమే గొప్పగా తోస్తుంది. కాని గనులు ఎత్తున ఉన్నాయి, కర్మాగారం పల్లాన ఉన్నది. నిండు బండి పల్లానికి దిగుతుంది, వట్టి బండి ఎత్తుకు ఎక్కుతుంది. కాబట్టి నిండు బండిని నడిపేవారికి అసలు పరీక్ష దానిని లాగడంలో లేదు, అదుపులో పెట్టి ఆపడంలో ఉన్నది.

ఇంజను బ్రేకు ఒక్కటే వేల టన్నుల బరువును ఆపజాలదు. అందుచేత ప్రతి వ్యాగనుకు సొంత బ్రేకు ఉంటుంది. ఇంజను నుండి చివరి వ్యాగను దాకా ఒక గాలి గొట్టం సాగుతుంది. అందులో చదరపు సెంటీమీటరుకు 5 కిలోల ఒత్తిడి నిలిచి ఉన్నంతవరకు బ్రేకులు వదులుగా ఉంటాయి. ఒత్తిడి తగ్గితే బిగుసుకుంటాయి. దారిలో బండి రెండుగా తెగినా గొట్టం ఊడి గాలి పోతుంది గనుక, తెగిన భాగం దానంతటదే ఆగిపోతుంది. 1870ల తొలి సంవత్సరాలలో అమెరికాకు చెందిన జార్జి వెస్టింగ్‌హౌస్ రూపొందించిన ఈ పద్ధతి నేటికీ లోకమంతటా రైళ్లను కాపాడుతున్నది.

భిలాయ్ నుండి బయలుదేరే బరువులలో మరొక వింత కనిపిస్తుంది. 2018 జూన్ 14న ప్రధానమంత్రి జాతికి అంకితం చేసిన విస్తరణలో యూనివర్సల్ రైలు మిల్లు ఒక భాగం. అందులో 130 మీటర్ల పట్టాను ఒకే ముక్కగా సాగదీస్తారు. అటువంటి రెండింటిని అతికితే 260 మీటర్ల పట్టా తయారవుతుంది. దానిని మోయడానికి ఒకదాని వెనుక ఒకటిగా ఇరవై వరకు వ్యాగన్లు కావాలి. పట్టాలను ఒకచోట గట్టిగా బిగించి, తక్కిన చోట్ల కదలడానికి వీలుగా వదులుతారు. వంపు వచ్చినప్పుడు అంతటి ఉక్కు కూడా వెదురుబద్దవలె వంగి, మళ్లీ తిన్ననవుతుంది. అన్నిచోట్లా బిగిస్తే వంపులో బండి పట్టాలు తప్పవచ్చు. ఎక్కడా బిగించకుంటే సరకు జారిపోవచ్చు.

కర్మాగారం గేటు దాటి 53వ జాతీయ రహదారి మీదికి వస్తే దృశ్యం మారుతుంది. వరి కోతల కాలంలో ధాన్యం నింపిన ట్రాక్టరు ట్రాలీలు బారులు తీరుతాయి. వీటిలో చాలావాటికి సొంత బ్రేకు ఉండదు, కొన్నింటికి వెనుక ఎర్రదీపమైనా ఉండదు. చీకట్లో రోడ్డు మీద నిలిచిన అటువంటి ట్రాలీని వెనుకవచ్చే వాహనం గుర్తించేసరికే ఆలస్యమవుతుంది. ఇప్పుడు ఎస్.యు.వి. కార్ల వెనుక సామాను ట్రైలరునో, విడిది బండినో తగిలించుకొని ప్రయాణించాలనే ఉత్సాహం మన దేశంలోనూ అంకురిస్తున్నది. 1988 మోటారు వాహనాల చట్టం ట్రైలరును కూడా మోటారు వాహనంగానే పరిగణిస్తుందని వీరు మొదట గ్రహించాలి.

రైలుకు వర్తించే న్యాయమే ఇక్కడా వర్తిస్తుంది. 1,800 కిలోల కారు వెనుక 1,500 కిలోల ట్రైలరును తగిలిస్తే, కారు బ్రేకులు దాదాపు రెట్టింపు బరువును ఆపవలసి వస్తుంది. వేగం రెట్టింపైతే బ్రేకుల మీద పడే భారం నాలుగింతలవుతుంది. ఐరోపాలో 750 కిలోలు మించిన ట్రైలరుకు సొంత బ్రేకు తప్పనిసరి చేసినది ఇందువల్లనే. కొక్కెం ఊడితే ట్రైలరు బ్రేకు దానంతటదే పడేటట్లు సన్నని తీగ ఒకటి అమర్చుతారు. కొక్కెం కింద రెండు గొలుసులను అడ్డదిడ్డంగా తగిలిస్తారు.

రెండవది బరువుల పొందిక. ఇది మన బండివానికి తరతరాలుగా తెలిసిన విద్య. ముందు బరువెక్కువైతే ఎడ్ల మెడలు నలుగుతాయి, వెనుక బరువెక్కువైతే కాడి పైకి లేస్తుంది. ట్రైలరు మొత్తం బరువులో నూటికి పది నుండి పదిహేను వంతులు కొక్కెం మీద ఆనాలని అమెరికాలో పాటించే లెక్క. వెనుక బరువు పెరిగితే ట్రైలరు తోక ఊపడం మొదలుపెట్టి, చివరకు కారునే రోడ్డు మీదినుండి ఈడ్చివేస్తుంది. అటువంటప్పుడు వేగం పెంచకూడదు, కారు బ్రేకును గట్టిగా తొక్కకూడదు. స్టీరింగును తిన్నగా పట్టుకొని ఆక్సిలరేటరును వదలాలి. ట్రైలరు బ్రేకును విడిగా వేసే వీలుంటే దానిని మెల్లగా వేయాలి.

మూడవది, కారు తయారుచేసినవారు నిర్ణయించిన బరువును మించకపోవడం. ఇంజను అంతకన్న ఎక్కువ లాగగలిగినా, బ్రేకులు, టైర్లు, స్ప్రింగులు దానిని ఓర్చుకోలేవు.

గూడ్సు బండి బయలుదేరే ముందు బ్రేకులను పరీక్షించి ఒక ధ్రువపత్రం వ్రాస్తారు. అది చేతికి అందనిదే లోకో పైలట్ బండిని కదల్చడు. ఆ కాగితం చెప్పేది ఇంజను ఎంత లాగుతుందని కాదు, బండి ఎంత నమ్మకంగా ఆగుతుందని. కుటుంబాన్ని ఎక్కించుకొని వెనుక ట్రైలరును తగిలించుకొనేవారికి అటువంటి పత్రం ఎవరూ వ్రాసి ఇవ్వరు. బయలుదేరే ముందు ఐదు నిమిషాలు బండి చుట్టూ తిరిగి కొక్కెం, గొలుసులు, దీపాలు, టైర్లు, బ్రేకులు చూసుకొని, ఆ సంతకం తామే చేసుకోవాలి.