సుబేదారు గారి వేగం

తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని ‘మిలటరీ మాధవరం’ అంటారని మీకు తెలిసిందే. అక్కడి మాజీ సైనికులం కొందరం చలికాలం ఆదివారాల్లో ఏలూరు, కైకలూరు మీదుగా ఆటపాకకు బుల్లెట్ల మీద వెళ్తాం, కొల్లేటి గూడబాతుల్ని చూడటానికి. నాది పాత బండి: గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. సైన్యం ఆర్డర్లతోనే 1955లో మద్రాసులో ఈ బళ్ల తయారీ మొదలైంది మరి!

ముందు నడిచేది సుబేదారు గారు. ఆయన మోకాలు సరిగ్గా వంగదు. ఆయన వేగమే అందరి వేగం. ఎవరి బండి ఆగినా అందరం ఆగుతాం. ఒకసారి క్లచ్ వైరు తెగి రెండు గంటలు గట్టు మీదే కూర్చున్నాం. ఇంట్లో నోరు విప్పని ఒకాయన ఆ రోజు సియాచిన్ గురించి చెప్పాడు. మేమెవరం మధ్యలో మాట్లాడలేదు.

మా పదో తరగతి వాడు తాళాలు అడుగుతున్నాడు. మీ ఇంట్లోనూ ఇదే గొడవేమో. పద్దెనిమిది నిండని పిల్లలు గేరు బండి నడిపితే 2019 చట్ట సవరణ ప్రకారం మనకే 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు. అందుకే వాడికి హెల్మెట్ కొన్నాను, తాళాలు ఇవ్వలేదు. వచ్చే ఆదివారం సుబేదారు గారి వెనక కూర్చుంటాడు. టీ కొట్టు దగ్గర ఆయన దిగేటప్పుడు చెయ్యి అందించే పని వాడిదే.