చుక్కాని పట్టనివాడు

నావ ప్రసక్తి వచ్చినప్పుడల్లా మనవారు చుక్కానినే తలచుకొంటారు. ఇంటికి యజమాని చుక్కాని, సంస్థకు అధికారి చుక్కాని, దేశానికి నాయకుడు చుక్కాని. ఆ చుక్కాని పట్టినవాని పక్కనే తెరచాప తాడు బిగించి పట్టుకొని, నడుము దాకా నీటిమీదికి వాలి కూర్చున్న రెండవవాని ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. గడచిన ఆరు వర్షాకాలాలుగా సాయంకాలపు పడవ పందేలలో ఆ రెండవ స్థానం నాది. అది నాకు నేర్పినదానిని సహోద్యోగ మిత్రులతో పంచుకోవాలన్నదే ఈ చిన్న ప్రయత్నం.

హైదరాబాదు, సికింద్రాబాదుల నడుమనున్న హుస్సేన్ సాగర్ ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో, 1562 ప్రాంతంలో నిర్మితమైన చెరువు. 1992లో అక్కడ నిలిపిన ఏకశిలా బుద్ధ విగ్రహాన్ని చూడవచ్చే యాత్రికులకు సికింద్రాబాదు వైపు నీటిలో తిరిగే తెల్లని, నీలి తెరచాపలు అంతగా కంటబడవు. జూన్ మొదలు వీచే నైరుతి ఋతుపవనాలే ఆ పందేలకు ప్రాణం. నెక్లెస్ రోడ్డు వైపునుండి టాంక్‌బండ్ వైపు వీచే ఆ గాలి ఒకే తీరున ఉండదు. ఒడ్డునున్న భవనాల మధ్యనుండి చీలి, విసురు విసురుగా వచ్చి పడుతుంది.

మేము నడిపేది ఎంటర్‌ప్రైజ్ తరగతి పడవ. 1956లో ఇంగ్లండుకు చెందిన జాక్ హోల్ట్ దీనిని రూపొందించాడు. పొడవు నాలుగు మీటర్లకు కాస్త ఎక్కువ. రెండు తెరచాపలు, ఇద్దరు మనుషులు, అంతే. పడవ దేహం బరువు 100 కిలోలకు లోపే. అంటే ఎక్కిన ఇద్దరి బరువు ఆ పడవ బరువును మించిపోతుంది. అందువల్ల గాలి పడవను ఒక పక్కకు వంచబోయినప్పుడు దానిని నిలబెట్టేవి మా దేహాలే. వెనుక కూర్చున్నవాడు చుక్కానిని, పెద్ద తెరచాప తాడును చూసుకొంటాడు. ముందు కూర్చున్నవానికి చిన్న తెరచాప అయిన జిబ్ తాడు, పడవ పక్కకు జారకుండా అడుగునుండి నీటిలోకి దించే సెంటర్‌బోర్డు పలక, తన బరువు అప్పగింతలు. పట్టీల క్రింద పాదాలు దూర్చి, గాలి వచ్చే వైపు అంచుమీదుగా వెనుకకు వాలడాన్ని హైకింగ్ అంటారు. యాభై యెనిమిదేళ్ళ నడుముకు అది యోగాభ్యాసం కంటె కఠినమైనది.

మా పడవ చుక్కాని పట్టేవాడు మా కార్యాలయంలోని యువ ఇంజనీరు. నాకంటె ఇరవై మూడేళ్ళు చిన్న. వారమంతా అతని ఫైళ్ళు నా సంతకం కోసం నా బల్లమీదికి వస్తాయి. శనివారం సాయంత్రం అతడు ‘బయటికి’ అంటే నేను బయటికి వాలతాను, ‘లోపలికి’ అంటే లోపలికి జరుగుతాను. కాంటీనులో మిత్రులు దీనిమీద చాలా పరిహాసాలే ఆడారు.

అయితే ఇది కేవలం ఆజ్ఞాపాలన కాదు. చుక్కాని పట్టినవాని చూపు తెరచాప అంచుమీదనే ఉండాలి. చుట్టూ చూడవలసినవాడు రెండవవాడు. గాలి విసురు నీటిమీద నల్లని మరకలా పరుగెత్తుకొని వస్తుంది. దానిని కనిపెట్టి ‘మూడు, రెండు, ఒకటి’ అని లెక్కపెట్టి చెప్పాలి. గాలికి ఎదురుగా సాగేటప్పుడు అస్తమించే సూర్యుడు సూటిగా కళ్ళలో పడతాడు. మెరిసే నీటిలో ఆ మరకను పసిగట్టడం అభ్యాసంతోనే వస్తుంది. కుడివైపునుండి గాలి అందుకొంటున్న పడవకు, ఎడమవైపునుండి అందుకొంటున్న పడవ దారి ఇవ్వాలన్నది పందెం నియమం. తెరచాప చాటునుండి వచ్చే అటువంటి పడవను ముందుగా చూసి చెప్పవలసినవాడూ అతడే.

క్రిందటి జూలైలో ఒక శనివారం. మబ్బు పట్టి ఉన్నది. గాలి 15 నాట్లు, అంటే గంటకు 28 కిలోమీటర్ల వరకు ఉన్నది. నీటిమీద తెల్లని నురుగులు లేస్తున్నాయి. పందెం పదకొండు పడవల మధ్య. అయిదు నిమిషాలు, నాలుగు, ఒకటి అంటూ జెండాలు లేచి దిగాయి, పందెం మొదలయింది. గాలికి ఎదురుగా ఉన్న మొదటి గుర్తును నాలుగవ పడవగా చుట్టి, పక్కగాలితో రెండవ గుర్తు వైపు దూసుకుపోతున్నాము. అక్కడ జైబ్ చేయాలి. గాలి వెనుకనుండి వస్తుండగా పడవను మళ్ళించి, పెద్ద తెరచాపను ఒక పక్కనుండి మరొక పక్కకు దాటించడమే జైబ్. గాలి ఉద్ధృతంగా ఉన్నప్పుడు తెరచాప అడుగు కొయ్య తల మీదుగా కత్తి విసిరినట్లు వస్తుంది. పడవలు ఎక్కువగా బోల్తా పడేది అక్కడే.

గుర్తు ఇంకా నలభై గజాల దూరంలో ఉండగా నేను అన్నాను: ‘గాలి హెచ్చుగా ఉంది. ముక్కును గాలిలోకి తిప్పి చుట్టు తిరుగుదాం.’ అలా చేస్తే పడవ దాదాపు ముప్పాతిక చుట్టు తిరగాలి. కొంత దూరం నష్టపోతాము, కాని ప్రమాదం తక్కువ. అతడు ఒక్కసారి వెనుదిరిగి నీటివైపు చూశాడు. ‘వద్దు సార్, జైబే చేద్దాం. ఈ విసురులోనే’ అన్నాడు.

అతని మాటలో శాస్త్రమున్నది. గాలివాటున పరుగెత్తే పడవ ఎంత వేగంగా పోతే తెరచాపమీద గాలి ఒత్తిడి అంతగా తగ్గుతుంది. తగ్గిన ఆ క్షణంలోనే తెరచాపను దాటించాలి. జంకి వేగం పోగొట్టుకొంటే ఒత్తిడి పెరిగి పడవను తలక్రిందులు చేస్తుంది. గాలి ఉన్నప్పుడే తూర్పారబట్టుకోవాలని మన రైతులు ఊరకే అనలేదు.

‘రెడీ?’ అన్నాడు. ‘రెడీ’ అన్నాను. అప్పటికి నా అభిప్రాయానికి కాలం చెల్లింది. ఇక కావలసినది నా బరువే. సెంటర్‌బోర్డును సగానికి లేపాను. కొయ్య క్రిందుగా తల వంచి, అతనితోపాటు రెండవ పక్కకు దూకి, జిబ్ తాడు బిగించాను. పడవ ఒక్కసారి ఒణికి, నురుగు చిమ్ముతూ సాగిపోయింది. ‘నేను వద్దన్నాను కదా’ అని అరక్షణం పాత పక్కనే ఆగి ఉంటే ఇద్దరమూ నీళ్ళలో ఉండేవాళ్ళము.

మా వెనుక పడవ, నేను చెప్పిన పద్ధతిలోనే చుట్టు తిరిగి క్షేమంగా వచ్చింది. దాని వెనుకటిది జైబ్ మొదలుపెట్టి, నడుమ సందేహించి, సగంలో ఆగి బోల్తా కొట్టింది. రక్షక పడవ వెళ్ళేసరికి ఆ ఇద్దరూ పైకి తేలి నవ్వుతున్నారు. ఆనాడు రెండు మార్గాలూ గమ్యం చేర్చాయి. చేర్చనిది సగం మార్గం ఒక్కటే.

మేము నాలుగవ స్థానంలోనే ముగించాము. ఒడ్డున తెరచాపలు మడుస్తూ అతడు కొంచెం బెరుకుగా అడిగాడు: ‘మీ మాట వినలేదని ఏమీ అనుకోలేదు కదా సార్?’

‘వినలేదని ఎవరన్నారు? విన్నావు, వెనుదిరిగి చూశావు, నిర్ణయించావు. వినకుండానే తిప్పి ఉంటే అనుకొనేవాణ్ణి’ అన్నాను.

ముప్పై ఏళ్ళకు పైబడిన ఉద్యోగ జీవితంలో భిన్నాభిప్రాయాలతో నిండిన నోట్ షీట్లు ఎన్నో చూశాను. అభిప్రాయం వ్రాయడం ఉద్యోగి హక్కు. అది వ్రాయకపోవడం బాధ్యతను తప్పించుకోవడమే. కాని నిర్ణయం జరిగిన తరువాత, తన మాటే సరియైనదని నిరూపించుకోవడానికి సగం బరువే వేసి కూర్చొనేవారినీ చూశాను. పని చెడిన రోజున వారి ముఖాలలో కనిపించే తృప్తి కంటె విచారకరమైనది మరొకటి లేదు. వారు మరచిపోయేది ఒక్కటే: మునిగే పడవలో తామూ ఉన్నారు. ఇక నిర్ణయించే స్థానంలో ఉన్నవారు కూడా ఆ వెనుదిరిగి చూసే ఒక్క క్షణాన్ని తక్కువగా ఎంచరాదు. రెండవవాడు తన బరువంతా మనస్ఫూర్తిగా వేసేది ఆ క్షణాన్ని చూసే.

1982 ఢిల్లీ ఆసియా క్రీడలలో భాగంగా బొంబాయిలో జరిగిన పడవ పందేలలో ఈ ఎంటర్‌ప్రైజ్ తరగతి స్వర్ణం పాకిస్తాన్‌కు చెందిన బైరామ్ అవారీ, ఆయన భార్య గోష్పీలకు దక్కింది. ఫైర్‌బాల్ తరగతిలో మన ఫరోఖ్ తారాపూర్, జరీర్ కరంజియా స్వర్ణం గెలిచారు. ఇద్దరెక్కిన పడవకు పతకాలూ రెండు. చుక్కాని ఎవరు పట్టారని విజయవేదిక అడగదు.

వచ్చే రెండేళ్ళలో నేను పదవీ విరమణ చేస్తాను. మా పడవలో ముందు స్థానం ఖాళీ కాబోతున్నది. ఈత వచ్చి, తడవడానికి వెనుకాడని మిత్రులు ఎవరైనా ముందుకు రావచ్చు. లైఫ్ జాకెట్ క్లబ్బువారే ఇస్తారు. చూసినది చూసినట్లు చెప్పే నోరు, చెప్పినది నెగ్గకపోయినా పూర్తిగా వాలే నడుము మాత్రం మీరే తెచ్చుకోవాలి.