తునికాకు, సీఆర్ రావు, మా అమ్మమ్మ

గచ్చిబౌలి వెళ్లే బస్సులో సీఆర్ రావు రోడ్డు మీదుగా కనీసం వంద సార్లు వెళ్లి ఉంటా. ఆ రావు గారెవరో ఒక్కసారి కూడా గూగుల్ చేయలేదు. ఎవరో పొలిటీషియన్ అయి ఉంటారనుకున్నా, నిజం.

తెలిసింది మినీ ప్రాజెక్టు పుణ్యాన. మాది పెనుబల్లి. ఎండాకాలం మా అమ్మమ్మ తెల్లారకముందే అడవికి పోయి తునికాకు తెస్తుంది. యాభై ఆకులకి ఒక కట్ట. కల్లంలో కల్లేదారు కట్ట తిప్పి చూసి, నచ్చకపోతే పక్కకి పడేస్తాడు. ఫోన్ ఫొటో చూసి ఆకు పనికొస్తుందో లేదో చెప్పే మోడల్ చేద్దామని మా టీమ్ ప్లాన్. సెలవుల్లో రెండు వందల ఆకులు పరిచి ఫొటోలు తీశా. ఏది మంచిదో, ఏది కాదో అమ్మమ్మే ఏరి పెట్టింది.

మోడల్ ఘోరంగా ఫెయిలైంది. పెద్ద ఆకుల్ని పనికిరావనేది, సన్నగా సాగిపోయినవాటిని ఓకే అనేది. పొడవు విడిగా, వెడల్పు విడిగా సగటు నుంచి ఎంత దూరమో కొలిచాం మరి. ఫోన్లో అమ్మమ్మకి చెప్తే, "పొడుగుంటే ఏమైంది బిడ్డా, పొడుగుకి తగ్గ వెడల్పుందా లేదా చూడు" అంది. "ఇది కంప్యూటర్ లెక్క, నీకు తెల్వదులే" అని పెట్టేశా.

వారం తర్వాత మా సార్ బోర్డు మీద మహలనోబిస్ దూరం రాశారు. 1936 నాటి ఫార్ములా. పొడవూ వెడల్పూ కలిసి ఎలా పెరుగుతాయో కూడా అది లెక్కలోకి తీసుకుంటుంది. రెండూ పెరిగితే ఆకు పెద్దదైందంతే. ఒకటే పెరిగితే తేడా. అమ్మమ్మ చెప్పింది కూడా అదే కదా! క్లాసులో కూర్చునే సిగ్గుపడ్డా.

అక్కడి నుంచి రావు గారి దగ్గరికొచ్చా. ఆంధ్రా యూనివర్సిటీలో మ్యాథ్స్ చదివి, కలకత్తాలో మహలనోబిస్ దగ్గర చేరి, 1946లో కేంబ్రిడ్జి వెళ్లారు. అక్కడి మ్యూజియంలో పని ఏంటంటే, సూడాన్‌లోని జెబెల్ మోయాలో తవ్వి తీసిన అస్థిపంజరాల కొలతలు. ఒక్కో కొలతా విడిగా కాకుండా అన్నీ కలిపి చూసి, ఏ గుంపు ఏ గుంపుకి దగ్గరో తేల్చడం మీద 1948లో పేపర్ రాశారు. డెబ్బై అయిదు దాటాక, 1996లో, సూర్యవంశీ అనే ఆయనతో కలిసి ల్యాండ్‌మార్క్ బిందువులతో ఆకారాన్ని కొలవడం మీద ఇంకో పేపర్! (1941లో యునైటెడ్ ప్రావిన్సెస్‌లో మనుషుల్ని కులాల వారీగా కొలిచిన సర్వే లెక్కల్లోనూ ఆయన చెయ్యి ఉంది. అది చదివితే కాస్త ఇబ్బందిగానే అనిపించింది. ఆకుల్ని ఏరితే ఆకులేమీ అనుకోవు.)

1945లో రాసిన పేపర్‌కి ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ వచ్చింది 2023లో, ఆయనకి 102 ఏళ్లప్పుడు. ఆ ఆగస్టులోనే పోయారు. జీవుల ఆకారాల్ని కొలిచే పనికి అమెరికాలో స్టోనీ బ్రూక్ యూనివర్సిటీ రోల్ఫ్ మెడల్ అని ప్రత్యేకంగా ఇస్తుందట. అంటే ఈ పనికీ గుర్తింపు ఉంది, ఎప్పటికో అయినా.

మా రిపోర్టులో "డేటా లేబుల్ చేసినవారు" అనే గడిలో ముందు నా పేరే కొట్టా. సబ్మిషన్ ముందు రోజు రాత్రి తీసేసి అమ్మమ్మ పేరు పెట్టా. పక్కన "అర్హత" అని ఇంకో గడి ఉంది. ఫ్రెండ్ ఖాళీగా వదిలేయమన్నాడు. "తునికాకు సేకరణ, ముప్పై ఏళ్లు" అని కొట్టి సేవ్ చేశా.