వెడల్పు కొనాలా, వెలుతురు కొనాలా?

మన ఇళ్ళల్లో ఫోటోలకేం కొదవ లేదు. బారసాల నుంచి పెళ్ళిదాకా ఆల్బమ్‌లున్నాయి. తిరుపతి కొండ మీద గుండుతో తీయించుకున్నవి ఉన్నాయి. మరి ముప్ఫయ్యేళ్ళుగా మనం నిలబడి వండిన వంటింటి ఫోటో ఒక్కటైనా ఉందా? వెతికి చూడండి. ఉంటే ఏ పుట్టినరోజు కేకు వెనకాలో ఓ మూల పొయ్యి గట్టు కనిపిస్తూ ఉంటుంది, అంతే!

నాకీ సంగతి తట్టడానికి కారణం ఉంది. రాజోలు దగ్గర మా అత్తవారిది మండువా లోగిలి. మధ్యలో ఆకాశం కనిపించే మండువా, నాలుగు పక్కలా వసారాలు, పైన గూనపెంకులు. 1986 ఆగస్టు వరదల్లో గోదావరి నీళ్ళు ఎంతవరకూ వచ్చాయో మా మావగారు వసారా స్తంభం మీద గీత గీసి పెట్టారు. 1996 నవంబరు 6 నాటి తుపానుకి కోనసీమ తోటలన్నీ నేలకూలిన రాత్రి వీధిలో వాళ్ళంతా ఆ ఇంట్లోనే తలదాచుకున్నారు. అలాంటి ఇంటిని విప్పేద్దామని అన్నదమ్ములు తేల్చుకున్నారు. దూలాలు చెదపట్టాయి, బాగుచేయించే డబ్బుతో కొత్తిల్లే లేస్తుందన్నారు. వాళ్ళన్నదీ నిజమే. కార్తీకమాసంలో ముహూర్తం పెట్టారు. నా చేతిలో ఉన్నవి నాలుగు నెలలు.

ఆ ఇల్లు పోయేలోగా గది గదికీ ఫోటోలు తీయాలి, ఎనభై దాటిన మా అత్తగారు ఆ వంటింట్లో వంట చేస్తుండగా తీయాలి అనుకున్నాను. ఇల్లు విప్పాక ఇంకోసారి తీద్దామంటే కుదరదు కదా!

కెమెరా ఇంట్లోనే ఉంది. మా అమ్మాయి సరదాపడి కొనుక్కుని, ఉద్యోగంలో పడ్డాక నాకు వదిలేసిన సోనీ జడ్‌వీ-ఈ10. దీన్ని మిర్రర్‌లెస్ కెమెరా అంటారు. పాత పెద్ద కెమెరాల్లో ఉండే అద్దం ఇందులో ఉండదు, అందుకే చిన్నది, తేలిక. దాంతోబాటు 16 నుంచి 50 వరకూ జరిగే జూమ్ లెన్సొకటి వచ్చింది. వసారాలో దాంతో తీసినవి బాగానే వచ్చాయి. వంటింట్లోకి వెళ్ళేసరికి వచ్చింది చిక్కు. ఒక్కటే కిటికీ, నల్లగా పొగచూరిన గోడలు. మా అత్తగారి చేతులు రెండూ పొగమంచులో కదిలినట్టు అలుక్కుపోయి వచ్చాయి. "ఫోనుంది కదా, దాంతో తియ్యి" అన్నారు మా వారు. ఫోను తక్కువదని నేననను. కానీ ఆ చీకట్లో అది గోడమీది మసిని కూడా సున్నం కొట్టినట్టు నున్నగా చేసేసింది. నాకు కావలసింది ఆ మసే!

సరే, మంచి లెన్సొకటి కొందామని చీటీ పాడాను. ఎంతకో చెప్పను, ఈ పేజీ మా వారు కూడా చదువుతారు! అడిగిన ప్రతివాళ్ళూ, "ఇంటి లోపల తీయాలంటే వైడ్ యాంగిల్ ప్రైమ్ లెన్సు కొనండి" అన్నారు. ప్రైమ్ అంటే జూమ్ లేనిది. దగ్గరగా కావాలంటే మనమే ముందుకు నడవాలి, దూరం కావాలంటే మనమే వెనక్కి జరగాలి. ఒక్క పనికే చేసింది కాబట్టి ఆ పని బాగా చేస్తుంది, అదే స్థాయి జూమ్ కంటే చవకలో పడుతుంది. అట్ల పెనం లాంటిదనుకోండి. వైడ్ యాంగిల్ అంటే ఎక్కువ వెడల్పు పట్టేది. బాగుంది. కానీ ఎంత వెడల్పు?

ఇక్కడే మనకి పనికొచ్చే లెక్క ఒకటుంది. మన అందుబాటులో ఉండే మిర్రర్‌లెస్ కెమెరాల్లో చాలావాటికి బొమ్మ పడే పలకని ఏపీఎస్-సీ అంటారు. దాని వెడల్పు సుమారు 23.5 మిల్లీమీటర్లు. కాబట్టి 24 మి.మీ. లెన్సు పెడితే మీరెన్ని అడుగుల దూరంలో నిలబడతారో ఇంచుమించు అన్ని అడుగుల వెడల్పు ఫోటోలో పడుతుంది. 16 లెన్సయితే దానికి ఒకటిన్నర రెట్లు. 12 అయితే రెట్టింపు. 11 అయితే రెట్టింపు మీద కాస్త ఎక్కువ. కానన్ వాళ్ళ పలక ఓ పిసరు చిన్నది, కాబట్టి వెడల్పూ ఓ పిసరు తగ్గుతుంది. అంతే! ఇక ఎవర్నీ అడగక్కర్లేదు, టైలరింగు టేపు చాలు.

నేనూ టేపు పట్టుకుని వెళ్ళాను. మా అత్తగారి వంటిల్లు పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు. గుమ్మంలో నిలబడితే ఎదుటి గోడ పదకొండడుగుల దూరం. 16 లెన్సుతో అక్కడ పదహారడుగులు పడుతుంది. గోడ మొత్తం వచ్చి ఇంకా మిగులుతుంది. పొయ్యి దగ్గర కూర్చున్న మనిషికి ఐదడుగుల్లో నిలబడితే ఏడున్నర అడుగులు వస్తుంది. మనిషీ, పొయ్యీ, పక్కన ఆవకాయ జాడీల వరసా అన్నీ పట్టాయి. అప్పుడు తెలిసింది నాకు. నా జూమ్ లెన్సులోనూ 16 ఉంది. వెడల్పు నా దగ్గర ముందే ఉంది! లేనిది వెలుతురు.

ఇదే మీకు ముఖ్యంగా చెప్పాలనుకున్నది. లెన్సు కొనే ముందు మీకు చాలనిది చోటా, వెలుతురా అని చూసుకోండి. రెండింటికీ మందు వేరు.

వెలుతురు సంగతి లెన్సు మీద ఎఫ్ అనే అక్షరం పక్కన రాసి ఉంటుంది. ఆ అంకె చిన్నదైన కొద్దీ లెన్సు రంధ్రం పెద్దది. తికమకగా ఉందా? అరపావు కన్నా పావు ఎక్కువ కాదూ? ఎనిమిదో వంతు కన్నా నాలుగో వంతు పెద్దది. ఇదీ అంతే. నా జూమ్ లెన్సు 16 దగ్గర ఎఫ్ 3.5. సిగ్మా వాళ్ళ 16 ప్రైమ్ ఎఫ్ 1.4. ఆ రెండు అంకెలనీ భాగించి, వచ్చినదాన్ని దాంతోనే హెచ్చిస్తే ఆరుంపావు. అంటే ఆరింతలకి పైగా వెలుతురు! జూమ్‌తో సెకనులో పదో వంతు పట్టే ఫోటో దీంతో సెకనులో అరవయ్యో వంతులో అయిపోతుంది. కూర కలుపుతున్న చెయ్యి కూడా చాలావరకు నిలిచిపోతుంది.

ఇక రకాలు చూడండి. సోనీ వాళ్ళది 11 మి.మీ. ఎఫ్ 1.8 ఉంది, 2022లో వచ్చింది. 181 గ్రాములే బరువు, వెలుతురు నా జూమ్ కంటే దాదాపు నాలుగింతలు. ఏడడుగులు, ఎనిమిదడుగులు ఉండే అపార్ట్‌మెంటు వంటిళ్ళకి అదే సరి. ఐదడుగుల్లో నిలబడ్డా పదడుగులకి పైన పడుతుంది. సిగ్మా 16 ఎఫ్ 1.4 లెన్సు 2017 నుంచీ ఉంది. 405 గ్రాముల బరువు, అంటే నా కెమెరా కంటే బరువు! కానీ చాలా ఏళ్ళ నుంచి ఉన్నది కాబట్టి సెకండ్‌హ్యాండులో వెతుక్కోవచ్చు. మరీ చవకలో కావాలంటే సెవెన్ ఆర్టిజన్స్ 12 ఎఫ్ 2.8 లాంటివి ఉన్నాయి. వాటిలో ఫోకస్ మనమే చేత్తో తిప్పుకోవాలి. కదలని గదులకి ఇబ్బంది లేదు. కదిలే మనుషులకి మాత్రం చాలా ఓపిక కావాలి.

ఒకరి కెమెరాకి ఇంకొకరి లెన్సు ఊరికే పట్టదు సుమండీ. హాకిన్స్ మూత ప్రెస్టీజ్ కుక్కరుకి పడుతుందా? మీది కానన్ అయితే ఆర్‌ఎఫ్ 16 ఎఫ్ 2.8 ఉంది, 2021లో వచ్చింది. 2024లో సిగ్మా కూడా కానన్ ఆర్‌ఎఫ్ కెమెరాలకి లెన్సులు ప్రకటించింది. నికాన్ జడ్ అయితే 2023లో వచ్చిన 24 ఎఫ్ 1.7, 135 గ్రాములే. అది అంత వెడల్పు కాదు గానీ వెలుతురుకి లోటుండదు.

ఆగండి, డబ్బు తీసే ముందు ఇంకో మాట. మీకు ఖాళీ గదులు మాత్రమే తీయాలని ఉంటే ఏ లెన్సూ కొనకండి! గట్టి స్టాండొకటి కొనండి. కెమెరా దాని మీద పెట్టి, ఎఫ్ 8 పెట్టి, 16 దగ్గర ఉంచి, ఐదారడుగుల దూరంలో ఉన్న వస్తువు మీద ఫోకస్ చేయండి. మూడడుగుల నుంచి అవతలి గోడ దాకా అన్నీ స్పష్టంగా వస్తాయి. ఫోటోకి రెండు సెకన్లు పట్టినా గోడలు కదలవు కదా. వేలు తగిలి ఊగకుండా టైమరు పెట్టుకోండి. మా ఇంటి గదులన్నీ నేను పాత జూమ్‌తో అలాగే తీశాను. కొత్త లెన్సు కొన్నది మా అత్తగారి కోసమే, ఆవిడ కదలకుండా కూర్చోరు కాబట్టి!

చివరికి సిగ్మా 16 సెకండ్‌హ్యాండులో తీసుకున్నాను. అలా కొనేటప్పుడు ఒక టార్చిలైటు వెంట పెట్టుకెళ్ళండి. లెన్సు వెనకవైపు నుంచి వెలుగు వేసి ముందునుంచి ఏటవాలుగా చూస్తే, లోపల సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తే అది బూజు. వదిలేసి వచ్చేయండి. మీ కెమెరాకి తగిలించి ఫోకస్ పడుతుందో లేదో అక్కడే చూసుకోండి. బిల్లు అడగండి.

వాడేటప్పుడు కొన్ని జాగ్రత్తలు. వైడ్ లెన్సుకి ఓ దుర్గుణం ఉంది. అంచుల్లో ఉన్నవాళ్ళని అడ్డంగా సాగదీస్తుంది. గ్రూపు ఫోటోలో ఆడపడుచుని చివర నిలబెట్టారో, తరవాత మీ ఇష్టం! మనిషి మొహానికి మూడడుగుల కంటే దగ్గరికి వెళ్తే ముక్కు పెద్దదై కూర్చుంటుంది. కెమెరా పైకెత్తితే స్తంభాలన్నీ లోపలికి వాలిపోతాయి, అందుకని దాన్ని తిన్నగా పట్టుకుని మీరే కాస్త వంగండి. ఈ లెన్సులో గానీ నా కెమెరా లోపల గానీ చేతి వణుకుని సర్దే ఏర్పాటు లేదు. నేను గుమ్మానికి భుజం ఆనించి, ఊపిరి బిగబట్టి తీశాను.

చెయ్యి అలవాటు కావడానికి ముందు ఆత్రేయపురం వెళ్ళాను. అక్కడి పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చిన సంగతి మీకు తెలిసిందే. బోర్లించిన కుండ కింద మంట, పిండిలో ముంచిన గుడ్డని కుండ మీద ఇలా లాగితే అలా రేకు లేచి వస్తుంది. అదంతా రెప్పపాటులో అయిపోతుంది. పాకలో చోటుండదు, వెలుతురుండదు. కుండకి నాలుగడుగుల్లో కూర్చుంటే ఆరడుగులు పట్టింది. రేకు పడుతున్నావిడ, కుండ, గుడ్డ పట్టుకున్న చెయ్యి అన్నీ వచ్చాయి. ఆవిణ్ణి అడిగే తీశానండోయ్. ఆ ఫోటోలు చూశాక నాకు ధైర్యం వచ్చింది.

శ్రావణంలో అత్తగారింటికి వెళ్ళి నాలుగు రోజులున్నాను. "మసిపట్టిన గోడలకి ఫోటో ఏమిటే, నవ్విపోతారు" అన్నారావిడ. అంటూనే పులిహోర కలిపారు, రోట్లో కంది పచ్చడి నూరారు. నేను తీస్తూ ఉన్నాను. మండువాలోంచి వెలుతురు వంటింటి గుమ్మం దాకా వచ్చేది పదకొండు గంటలప్పుడని మొదటిరోజే కనిపెట్టాను. మీరూ మీ ఇంట్లో ఆ వేళ ఏదో చూసి పెట్టుకోండి. ఎంత మంచి లెన్సయినా ఆ వేళ తరవాతే.

లెన్సుని దాచుకునే పద్ధతి కూడా చెబుతాను. మన గోదావరి జిల్లాల్లో వానాకాలం గాలికి పప్పులకే బూజు పడుతుంది. లెన్సుని తోలు సంచిలో, బీరువాలో చీరల మధ్య పెట్టకండి. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. రంగు మారే రకం గింజలయితే, రంగు మారగానే వంటకి వాడని పాత మూకుడులో సన్నసెగ మీద వేడిచేస్తే మళ్ళీ పనికొస్తాయి. బియ్యం డబ్బాలో మాత్రం పెట్టకండి, ఆ పొడి లెన్సులోకి పోతుంది.

పోయిన కార్తీకంలో ఇల్లు విప్పేశారు. ఫోటోల్లోంచి అరవై ఏరి రాజమండ్రిలో ప్రింట్లు వేయించాను. మా అత్తగారికి చూపిస్తే మొహం వంక చూసుకోలేదు. "ఇది మా అమ్మ ఇచ్చిన జాడీ, ఇది వరదకి అటకెక్కించిన రోలు" అంటూ వేలు పెట్టి ఒక్కొక్కటీ చెప్పారు. ఆ రోలు కథ నలభయ్యేళ్ళ కాపురంలో నేనెప్పుడూ వినలేదు. ఆవిడ చెబుతుండగా ప్రతి ఫోటో వెనకా మెత్తటి పెన్సిలుతో రాసుకున్నాను. మీరూ ప్రింట్లు వేయించండి. పెద్దవాళ్ళ పక్కన కూర్చుని, ఏది ఎవరిదో, ఎప్పటిదో అడిగి వెనక రాయండి. ఆ పనికి చీటీ పాడక్కర్లేదు, పెన్సిలు చాలు.