మొత్తం ఎంతని ఎద్దు అడగదు

లోడ్ బ్యాలెన్సింగ్ అనే మాట నేను రోజుకి కనీసం పదిసార్లు వాడతాను. నా ఉద్యోగమే అది. కానీ ఆ మాటకి అసలు అర్థం తెలిసింది మాత్రం బెంగళూరు ఆఫీసులో కాదు, చంద్రగిరి దగ్గర మా ఊళ్ళో, ఇంటి ముందు వేపచెట్టు కింద.

సంగతేంటంటే, ఒక పాత వ్యాను కొని, వెనక సీట్లు తీయించి, తిరిగే ఇల్లులా చేయించుకున్నాను. (ఆర్టీవో కాగితాల భాగవతం ఇంకోసారి చెప్తాను.) డిజైనంతా మనదే. ఎక్సెల్ షీటులో ప్రతి వస్తువు బరువూ రాశాను. నీళ్ళ ట్యాంకు 100 లీటర్లు, అంటే 100 కిలోలు. బ్యాటరీలు రెండు, ఒక్కోటి 55 కిలోలు. వంటగట్టు, మంచం, చిల్లర మల్లర. అన్నీ కలిపినా ఆర్సీలో రాసిన పరిమితికి బాగా తక్కువే. ఇంకేం, కాలరెగరేసుకుని ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని బయల్దేరాను.

మొగిలి ఘాట్లో కుడి మలుపులు తిరిగినప్పుడల్లా బండి కాస్త ఎక్కువ ఒరుగుతున్నట్టు అనిపించింది. ఎడమ మలుపుల్లో ఏమీ లేదు. వెనక పాప నిద్రపోతోంది. రోడ్డు బాలేదేమోలే అనుకుని వచ్చేశాను. అప్పుడప్పుడు మాత్రమే కనపడే బగ్గుని మనం ఎప్పుడు పట్టించుకున్నాం గనక :-)

ఇంటికి చేరగానే నాయన బండి చుట్టూ ఒకసారి తిరిగి, "ఏందిరా, ఎడమపక్కకి ఒంగిండాది?" అన్నాడు.

"నేల పల్లంగా ఉంది నాయనా."

"అట్లయితే తిప్పి నిలబెట్టు."

అదే చోట, అవే చక్రాల గుర్తుల మీద, ముఖం అటు తిప్పి పెట్టాను. తప్పు నేలదైతే ఇప్పుడు కుడికి ఒరగాలి కదా. మళ్ళీ ఎడమకే ఒరిగింది! టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య నాయన చెయ్యి పెట్టి కొలిచాడు. కుడివైపు జానెడు. ఎడమవైపు దానికి రెండేళ్ళ మందం తక్కువ. పదిహేనేళ్ళుగా డీబగ్గింగ్ చేస్తున్న నాకు తట్టని పరీక్ష అది.

మర్నాడు వేబ్రిడ్జికి తీసుకెళ్ళాను. "ఏం లోడునా?" అని అడిగాడు అక్కడి కుర్రాడు. "సంసారం" అన్నాను. బండి మొత్తం ఎక్కిస్తే 2,480 కిలోలు. తర్వాత ఎడమ చక్రాలు మాత్రమే కాటా మీద, కుడి చక్రాలు పక్కన అదే ఎత్తు నేల మీద ఉండేలా నిలబెట్టాను. 1,340. అంటే కుడివైపు 1,140 అన్నమాట. 200 కిలోల తేడా!

ఎలా వచ్చిందో ఆలోచిస్తే నవ్వొచ్చింది. తలుపు ఎడమవైపు ఉంది కాబట్టి వంటగట్టు తలుపు పక్కన పెట్టాను. వంటకి నీళ్ళు కావాలి కాబట్టి ట్యాంకూ అక్కడే. వైరు ఆదా అవుతుందని బ్యాటరీలూ అక్కడే. విడివిడిగా చూస్తే ప్రతి నిర్ణయమూ సబబే.

లెక్క వేశాను. చక్రాల మధ్య దూరం మీటరున్నర. 200 కిలోల తేడాకి గరిమనాభి ఎడమకి 6 సెంటీమీటర్లు జరిగింది. ఓస్ ఇంతేనా అనిపిస్తుంది. కానీ మధ్యగీత నుంచి చక్రం దాకా ఉన్నదే 75 సెంటీమీటర్లు. కుడి మలుపులో బరువు ఎలాగూ ఎడమ చక్రాల మీదికే పోతుంది. బండి పడకుండా కాచే ఆ 75లో 8 శాతం నేను ఇంటి దగ్గరే ఖర్చుపెట్టేశాను. దానికి తోడు మన రోడ్లు నడుమ ఎత్తుగా, ఎడమ అంచున పల్లంగా ఉంటాయి.

ఇప్పుడు మూతబడిన గాజులమండ్యం చక్కెర ఫ్యాక్టరీకి ఒకప్పుడు ఎద్దులబండి మీద చెరుకు తోలిన మనిషి మా నాయన. నా ఎక్సెల్ షీటు చూసి ఒకే మాటన్నాడు: "మొత్తం ఎంతని ఎద్దు అడగదురా. యా పక్క ఎంతని అడుగుతాది."

నాలుగు సర్వర్లలో ఒకటి చస్తూ ఉంటే, సగటు 50 శాతమేగా అని సంబరపడే మేనేజర్లని ఎంత వెక్కిరించానో! నేను చేసిందీ అదే.

బాగుచేయడం ఒక్క పూట పని. ఒక బ్యాటరీని కుడిపక్కకి మార్చాను. బరువు ఇటు తగ్గి అటు పెరుగుతుంది కాబట్టి 55 కిలోలు జరిపితే తేడా 110 తగ్గుతుంది. నీళ్ళ ట్యాంకుని నడిమధ్యకి, నేలబారుగా దించాను. నీళ్ళు వాడేకొద్దీ తగ్గుతాయి, సగం ఉన్నప్పుడు అటూ ఇటూ ఊగుతాయి. పక్కన పెడితే పొద్దున కుదిరిన తూకం సాయంత్రానికి తప్పుతుంది. తగ్గేది, ఊగేది మధ్యలో, కదలనిది పక్కల్లో. మళ్ళీ కాటా ఎక్కిస్తే ఎడమ 1,250, కుడి 1,230.

మేం హార్సిలీ హిల్స్‌కి వెళ్ళాల్సింది భాకరాపేట ఘాట్ మీదుగా. 2022 మార్చిలో ధర్మవరం నుంచి నిశ్చితార్థానికి వస్తున్న బస్సు లోయలో పడింది అక్కడే. ఆ ప్రమాదం కారణాలు వేరు. అయినా ఆ మలుపుల్లో పాపని వెనక పడుకోబెట్టుకుని, ఒంగిన బండి తోలి ఉండేవాడినని తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

మీకు వ్యాను లేకపోవచ్చు. ఊరికెళ్ళేటప్పుడు కారు క్యారియర్ మీద బియ్యం మూటలు, మామిడికాయల బుట్టలు ఎక్కిస్తారు కదా. తాళ్ళు కట్టేముందు బండి వెనక్కి పది అడుగులు నడిచి ఒకసారి చూడండి. డబ్బులు కావు.

అన్నట్టు, మర్నాడు బయల్దేరేటప్పుడు నాయన తలుపు పట్టుకుని లోపలికి ఎక్కకుండా నిలబడ్డాడు. ఏమైందని అడిగితే, "నన్ను యా పక్క కూచోమంటావురా?" అన్నాడు.