పగ్గం పొడవెంత?

పశువును కట్టే తాళ్ళకు మన పల్లెల్లో ఎన్ని పేర్లో! దూడకు తలుగు, ఆవుకు పలుపు, ఎద్దుకు ముకుతాడు, గుర్రానికి కళ్ళెం. కుక్క దగ్గరకు వచ్చేసరికి మాత్రం గొలుసు తప్ప వేరొక మాట స్ఫురించదు. ఇక చేతిలోని పెట్టెలోంచి సాగి, తిరిగి అందులోకే ముడుచుకునే తాడుకు పేరెక్కడిది? ప్రస్తుతానికి 'సాగుపగ్గం' అనుకుందాం. ఇంతకన్న చక్కని మాట తోచిన మిత్రులు సెలవియ్యగలరు.

సాధనం మాత్రం కొత్తది కాదు. అమెరికాలో మేరీ డిలేనీ అనే ఆవిడ 1908లోనే ఇటువంటి దానికి పేటెంటు పొందారు. 1973లో జర్మనీలో మాన్‌ఫ్రెడ్ బోగ్డాన్ స్థాపించిన ఫ్లెక్సీ సంస్థ దీనిని దేశదేశాలకు చేర్చింది. లోపల ఉన్నది ఒక చక్రం, చుట్టగా చుట్టిన స్ప్రింగు, బొటనవేలి కింద ఒక మీట, అంతే. కుక్క ముందుకు పోయేకొద్దీ స్ప్రింగు బిగుస్తుంది, వెనక్కి వస్తే ఆ బిగువే తాడును లోపలికి చుట్టేస్తుంది. మీట నొక్కితే చక్రం ఆగుతుంది. అయిదు మీటర్లు సాగేవి ఎక్కువ, ఎనిమిది మీటర్లవీ ఉన్నాయి.

మా ఇంట్లో దీని గురించి పెద్ద చర్చే జరిగింది. సాయంత్రాలు కుక్కను తిప్పేది నాన్నగారు. ఆయన మోకాళ్ళు దాని పరుగును అందుకోలేవు. "ఇది ఉంటే అదీ తిరుగుతుంది, నేనూ నిలబడగలనురా" అంటారు. ఆ మాటను కాదనడం సులువు కాదు. ఆ అరగంట నడక ఆయనకు ఎంత అవసరమో నాకు తెలుసు.

కాని మా వీధిలో ఆటోలున్నాయి, వీధికుక్కలున్నాయి. గంటకు ఇరవై కిలోమీటర్ల వేగంతో ఉరికే కుక్క అయిదు మీటర్లను ఒక్క సెకనులోపే దాటుతుంది. ఆలోగా మీట నొక్కడం పడుచువాడికే కష్టం. నొక్కినా, ఆ ఉరుకంతా ఒక్క కుదుపై ఒకవైపు కుక్క మెడకు, మరొకవైపు పెద్దాయన భుజానికి తగులుతుంది. కంగారులో తాడును చేత్తో పట్టుకుంటే ఏమవుతుందో గాలిపటపు మాంజా వేలిని కోసిన వారెవరికీ చెప్పనక్కరలేదు. పెట్టె చేజారిందా, అది గడగడలాడుతూ వెంటపడుతుంటే బెదిరిన కుక్క మరింత పరుగెడుతుంది. పైగా తాడులో బిగువు ఎప్పుడూ ఉండడం వల్ల, లాగితే దారి దొరుకుతుందని అది నేర్చుకుంటుంది.

అమెరికా జాతీయ ఉద్యానవనాలలో పగ్గం ఆరడుగులు మించరాదన్న నిబంధన ఉంది. 2008లో అక్కడే ఒక రకం సాగుపగ్గాలను, కొక్కెం విరిగి వెనక్కి ఎగిరి తగులుతున్నదని, రెండు లక్షలకు పైగా వెనక్కి రప్పించారు.

ఇదంతా వివరిస్తే నాన్నగారు కాసేపు మౌనంగా ఉండి, "అయితే దాన్ని ఎప్పుడూ కుదించే ఉంచాలంటావా? దానికి వాసన చూడడమే పేపరు చదవడం కదా" అన్నారు. ఆ ప్రశ్నలో న్యాయముంది. చివరకు ఒక ఒప్పందానికి వచ్చాము. వీధిలో ఆరడుగుల నూలు పట్టీ. అదీ మెడకు కాక ఛాతీకి తొడిగే పట్టెడకు. నాలుగు వైపులా ప్రహరీ ఉన్న మైదానంలోకి చేరాక మాత్రమే సాగుపగ్గం. ఇప్పుడాయన భుజాన ఒక సంచీ, అందులో రెండు పగ్గాలు. మైదానం గేటు మూసి, వంగి, ఓపికగా కొక్కెం మార్చుతారు. అంతసేపూ అది కదలకుండా నిలబడుతుంది.